చత్వారం వచ్చాక సన్నపని: తలకు పెట్టుకునే భూతద్దమా, పవర్ పెంచిన కళ్ళజోడా?

పాతరూపాయి (దోమల్‌గూడ)
నిజాం కాలం నాణేలు సేకరిస్తాను. యాభై దాటాను, దగ్గరి చూపుకు ప్లస్ రెండు వాడుతున్నాను. పేపరు చదవడానికి ఇబ్బంది లేదు. నాణేల దగ్గరే కష్టం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రూపాయి మీద చార్మినార్ ద్వారంలో ఉర్దూ లిపిలోని ‘మీమ్’ అక్షరం ఉంటుంది. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక అక్కడ ‘ఐన్’ అక్షరం వచ్చింది. ఆ ఐన్‌లో మళ్ళీ సగం ఉన్నది, పూర్తిగా ఉన్నది అని రెండు రకాలు. ఏది ఏదో తేల్చడానికి ఇప్పుడు మా అబ్బాయిని బతిమాలుకోవాల్సి వస్తోంది.

కోఠి గుజరాతీ గల్లీలో ఒకతను హెడ్‌బ్యాండ్ భూతద్దం కొనమన్నాడు. స్నేహితుడేమో ప్లస్ నాలుగు రెడీమేడ్ కళ్ళజోడు చాలు, డబ్బులు దండగ అంటున్నాడు. మీరేం వాడుతున్నారు?

మగ్గంపిన్ని
ప్లస్ నాలుగు వద్దు బాబూ. అది పెట్టుకుంటే మొహం మగ్గం మీదికి వచ్చేస్తుంది. ఆరీ సూది (మగ్గం పనికి వాడే కొక్కెం సూది) పైకి లాగడానికి చోటు ఉండదు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. నేను స్టాండుకు బిగించే లైటు భూతద్దం వాడతాను. రెండు చేతులూ ఖాళీ, తల మీద బరువు లేదు. జర్దోసీ, చమ్కీలు అన్నీ దాని కిందే.

సోల్డర్‌భాయ్
పిన్నిగారూ, ఆ లైటు భూతద్దాల్లో ఎక్కువగా దొరికేవి 3 డయాప్టర్లవి, 5 డయాప్టర్లవి (డయాప్టర్ అంటే అద్దం పవర్ కొలత). మహా అయితే రెండింతలు పెద్దగా కనిపిస్తుంది. పూసలకు సరే, నాణెం మీద అక్షరానికి ఏం సరిపోతుంది? ఈ రోజుల్లో యూఎస్‌బీ మైక్రోస్కోప్ కొని స్క్రీన్ మీద చూసుకోవాలి. చత్వారం సమస్యే ఉండదు, మామూలు కళ్ళజోడుతో కూర్చోవచ్చు, ఫొటో కూడా దాచుకోవచ్చు.

మైనస్‌నాలుగు
నాకు దూరపు చూపు మైనస్ నాలుగు. కళ్ళజోడు తీసేస్తే జానెడు దూరంలో అంతా స్పష్టం. ఖర్చు సున్నా. జీవితంలో ఈ కళ్ళతో దొరికిన ఒకే ఒక్క లాభం ఇది.

లెన్స్‌మనిషి
కళ్ళ పరీక్ష చేయడం నా వృత్తి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఇక్కడ అందరూ ఎంత పెద్దగా కనిపిస్తుందన్న దాని మీదే కొట్లాడుతున్నారు. అసలు అడగాల్సింది వస్తువు కంటికి ఎంత దూరంలో ఉండాలి అని. 100ని డయాప్టర్ పవర్‌తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ప్లస్ రెండుకు 50, ప్లస్ నాలుగుకు 25. చత్వారం పూర్తిగా ముదిరి, దూరపు చూపు మామూలుగా ఉన్నవారికి ఈ లెక్క దాదాపు అలాగే వర్తిస్తుంది. హెడ్‌బ్యాండ్‌లో ఉండేవి కూడా ప్లస్ అద్దాలే, అందులో మాయ లేదు. నగల పనివాళ్ళు వాడే ఆప్టివైజర్ అనే హెడ్‌బ్యాండ్ చూడండి: 3వ నంబరు అద్దం పలక 1.75 రెట్లు చూపిస్తుంది, వస్తువు 14 అంగుళాల దూరంలో ఉండాలి. 5వ నంబరు 2.5 రెట్లు, 8 అంగుళాలు. 10వ నంబరు 3.5 రెట్లు, కానీ దూరం 4 అంగుళాలే! సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని 4 అంగుళాల దగ్గర మొహం పెడితే పొగంతా ముక్కులోకే.

మరి హెడ్‌బ్యాండ్ ఎందుకు అంటే, పవర్ పెరిగేకొద్దీ రెండు కళ్ళూ ముక్కువైపు బాగా తిరగాలి. రెడీమేడ్ ప్లస్ నాలుగుతో కాసేపటికే తలనొప్పి రావడానికి ఒక కారణం అదే. మంచి హెడ్‌బ్యాండ్ అద్దాలను ప్రిజంలా అరగదీసి ఉంచుతారు, కళ్ళకు ఆ శ్రమ తగ్గుతుంది. పైగా దాన్ని మీ కళ్ళజోడు మీదే పెట్టుకోవచ్చు, కాబట్టి సిలిండర్ పవర్ (కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేనివారికి ఇచ్చేది) ఉన్నవాళ్ళకు నష్టం లేదు. రెడీమేడ్ జోడులో సిలిండర్ ఉండదు, రెండు కళ్ళకూ ఒకే పవర్.

సోల్డర్‌భాయ్
ఒప్పుకుంటాను. కానీ మైక్రోస్కోప్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదేం?

లెన్స్‌మనిషి
చూడటానికి బాగుంటుంది, చేయడానికి కాదు. చవక వాటిలో చెయ్యి కదిలిన కాసేపటికి గానీ స్క్రీన్ మీద కదలదు, లోతు అసలే తెలియదు. మీరు కుర్రాళ్ళు, అలవాటు పడతారేమో. పాతరూపాయి గారు నాణెం మీద పని చేయరు, చూస్తారంతే. ఆయనకు పనికొస్తుంది.

పెద్దాయన66
ఇవన్నీ చేతగాని మాటలు. మా నాన్నగారు ఎనభై ఏళ్ళకూ జోడు లేకుండా సూదిలో దారం ఎక్కించారు. భూతద్దం పెడితే కంటికి బద్ధకం వస్తుంది, ఏటా పవర్ పెరుగుతుంది. నేను పెట్టను, మీరూ పెట్టకండి.

మగ్గంపిన్ని
అన్నయ్యగారూ, మీ నాన్నగారికి ఒక కంటికి మైనస్ ఉండి ఉంటుంది!

లెన్స్‌మనిషి
పిన్నిగారి ఊహ నిజమయ్యే అవకాశం చాలా ఉంది. ఏటా పవర్ పెరగడానికి జోడు కారణం కాదండీ. కంటిలోపలి లెన్స్ వయసుతో గట్టిపడి వంగడం మానేస్తుంది. జోడు పెట్టినా పెట్టకపోయినా నలభైల నుంచి అది సాగుతూనే ఉంటుంది, అరవై దాటాక దాదాపు నిలిచిపోతుంది. 2018లో కంటి వెలుగు మొదలైనప్పుడు ప్రభుత్వం ఊరూరా ఉచితంగా పంచినవి ఎక్కువగా ఈ దగ్గరి చూపు జోళ్ళే.

ఒక్క జాగ్రత్త. కొన్ని నెలల్లోనే పవర్ చాలా మారినా, ఒక కన్ను మాత్రమే మసకబారినా, తిన్నని గీతలు వంకరగా కనిపించినా భూతద్దం కొనకండి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షుగరు, శుక్లం, రెటీనా జబ్బు ఏదైనా కావచ్చు. మెహదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. జోడుతోనూ చూపు సరిపోనివాళ్ళ కోసం బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌లో ప్రత్యేక విభాగమే ఉంది.

పెద్దాయన66
నా మాట నాదే.

పాతరూపాయి (దోమల్‌గూడ)
సరే, దూరం లెక్క అర్థమైంది. మరి దుకాణంలో ‘30 ఎక్స్’, ‘40 ఎక్స్’ (అంటే 30 రెట్లు, 40 రెట్లు) అని చెక్కిన చేతి లూప్‌లు, అదే కంటి దగ్గర పెట్టి చూసే చిన్న భూతద్దాలు, అంత చవగ్గా ఉన్నాయి కదా, ఒకటి తీసుకోనా?

సోల్డర్‌భాయ్
అన్నా, అవి నమ్మకు. నిజంగా 30 ఎక్స్ అయితే వస్తువు అద్దానికి 8 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. దుకాణంలోనే తేల్చుకోవచ్చు. గుమ్మం దగ్గర నిలబడి, దూరంగా ఉన్న భవనం బొమ్మ లూప్ గుండా కాగితం మీద స్పష్టంగా పడేలా చూడు. అద్దం నుంచి కాగితానికి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి 25ని దానితో భాగించు. 2.5 వస్తే అది 10 ఎక్స్. చాలావాటి బండారం అక్కడే బయటపడుతుంది. నాణేలకు నిజమైన 10 ఎక్స్ ధారాళంగా సరిపోతుంది, 5 అయితే చూసే జాగా ఇంకా ఎక్కువ.

లైటు సంగతి కూడా చూసుకో. చుట్టూ ఎల్‌ఈడీలున్న లూప్‌లో వెలుగు అన్నివైపుల నుంచీ పడి నాణెం చదునుగా కనిపిస్తుంది. టేబుల్ లైటు పక్కనుంచి వాలుగా పడనిస్తే అరిగిన ఐన్ కూడా నీడతో లేచి వస్తుంది.

మగ్గంపిన్ని
ఇంతా చేసి చివరికి లైటే కదా అన్నారు. నేను మొదట చెప్పింది లైటు భూతద్దం గురించే! వాడనప్పుడు దానికి మూత వేయండి. కిటికీ ఎండ దాని మీద పడితే గుడ్డ కాలుతుంది.

పాతరూపాయి (దోమల్‌గూడ)
నాణేలు ఏరుకోవడానికి 3వ నంబరు హెడ్‌బ్యాండ్, అక్షరం తేల్చడానికి 10 ఎక్స్ లూప్. ఇదీ నా నిర్ణయం. పిన్నిగారికి నచ్చదని తెలుసు. ఈ లోగా జోడు పవర్ పరీక్ష చేయించుకుంటాను. సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో నగల పనిముట్ల దుకాణాలు ఆదివారం తెరిచి ఉంటాయా, ఎవరికైనా తెలుసా?