‘ఇచ్చోటనే’నా, ‘ఇచ్చోట నే’నా?

కడప: నిన్న రాత్రి ‘విట్’ చూసినాను. మార్గరెట్ ఎడ్సన్ నాటకం, 1999లో పులిట్జర్ వచ్చింది, 2001లో మైక్ నికోల్స్ సినిమా తీసినాడు. క్యాన్సర్‌తో మంచం పట్టిన ప్రొఫెసరు (ఎమ్మా థాంప్సన్) ఇంగ్లీషు కవి జాన్ డన్ మృత్యువు పద్యాన్ని తలుచుకుంటుంది. అక్కడుండేది కామానే, సెమీకోలన్ కాదని చదువుకునే రోజుల్లో గురువు పట్టుబట్టింటుంది. అప్పట్నుంచి ‘సత్య హరిశ్చంద్ర’ నాటకం కాటిసీనులో పాడే జాషువా పద్యం నన్ను వదల్లేదు. ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని’ అని (ఇక్కడే అన్నట్టు) కలపాలా, ‘ఇచ్చోట, ఏ సత్కవీంద్రుని’ అని (ఏ కవిదో అన్నట్టు) విడగొట్టాలా?

తాడిపత్రి: ‘ఏ’నే సార్. నాలుగో పాదం ‘ఇచ్చోట నెట్టి’ అని ఎత్తుకుంటాడు. ‘ఎట్టి’కి జోడు ‘ఏ’ కాక ఇంకేముంటుంది?

కర్నూలు: చెవికి పడేది అది కాదన్నా. మా ఊరి తిరునాళ్లలో కాటిసీను వచ్చేసరికి రాత్రి రెండు దాటేది. నిద్రపోయే పిల్లోళ్లను లేపి కూర్చోబెట్టేవాళ్లు. హరిశ్చంద్రుడు కట్టె నేలకానించి ‘ఇచ్చోటనే...’ అని రాగం తీస్తే, ఆ తావు వేలుపెట్టి చూపినట్టే ఉండేది. విడగొడితే ఆ బలం ఉండదు.

తాడిపత్రి: రాగం నటుడిది, పదచ్ఛేదం కవిది. అసలు ఆ పద్యాలు బలిజేపల్లివారి నాటకంలోవి కావు, జాషువా ఖండిక ‘శ్మశానవాటి’ నుంచి నటులు తెచ్చుకున్నవి. బళ్లారి రాఘవ పుట్టిన ఊరివాణ్ని, నటుణ్ని తక్కువ చేసి అనడం లేదు.

ప్రొద్దుటూరు: ఆ తర్వాత ‘కమ్మని కలము నిప్పులలోన గరగిపోయె’ అంటాడే, ఆ మాట కలమా, గళమా? మా అయ్యవారు గళమే అనేవారు. ‘గరగిపోయె’తో యతి రెంటికీ చెల్లుతుంది.

అనంతపురం: కలమే. రాజు ముద్రిక, చిత్రకారుని కుంచె, ఇల్లాలి నల్లపూసలు: అన్నీ మనిషి పోయినాక మిగిలే వస్తువులు. గొంతు మిగలదు కదా. ఆ నల్లపూసలే నన్ను నిలవనీయవు. ‘గంగలో’ కలిసిపోయిందంటాడు. వాడుకలో నాశనమైందని, హరిశ్చంద్రుడి నోట కాశీలో నిజంగా గంగే. ‘లేత యిల్లాలి’ అన్నాడు చూడండి, ఆ ‘లేత’ దగ్గర ఎప్పుడు చదివినా గొంతు పూడుకుపోతుంది.

కడప: నా ‘నే’ సంగతి తేల్చండి స్వామీ. సినిమా చివర్లో ముసలి గురువు మంచమెక్కి పక్కన కూర్చుని డన్ చదవనా అంటే ఆమె వద్దంటుంది. గురువు పిల్లల పుస్తకంలో కుందేలు కథ చదివి నిద్రపుచ్చుతుంది.

కర్నూలు: డన్‌కు కామా ఉంది, మనకు విరుపే కామా. నటుడు ఊపిరి తీసుకున్నచోటే అర్థం.

తాడిపత్రి: ‘నెట్టి’కి మీరింకా జవాబు చెప్పలేదు.