ఐదో తరగతి: గుణకారం, సరళ యంత్రాలు రెండింటికీ ఒకే సామగ్రి చేయొచ్చా?

హసన్‌పర్తి_ఎస్జీటీ_మేడం

ఐదో తరగతి, 23 మంది పిల్లలు. ఏడెనిమిది మందికి 6, 7, 8 ఎక్కాలు నిలవవు. ఏడు ఎనిమిదులు ఎంత అంటే మొదటి నుంచి రాగం ఎత్తుకుంటారు, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే. మిగతావాళ్లకు ఎక్కాలు వచ్చు గానీ 24ను 13తో గుణించమంటే రెండో వరుస దగ్గర తడబడుతున్నారు. ఇదే నెలలో సరళ యంత్రాలు (లీవర్, వాలుతలం, గిరక లాంటివి) కూడా చెప్పాలి. మండల స్థాయి టీఎల్‌ఎం (బోధన సామగ్రి) మేళా ఉంది కాబట్టి రెండింటికీ పనికొచ్చే సామగ్రి ఒకటే చేద్దామని ఆలోచన.

30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును పెన్సిల్ మీద పెట్టి, రూపాయి బిళ్లలతో లీవర్ చూపించబోతే నిలవట్లేదు. నడుమ నుంచి ఒక పక్క 8 సెంటీమీటర్ల దగ్గర 3 బిళ్లలు, ఇంకో పక్క 6 దగ్గర 4 బిళ్లలు పెడితే, బిళ్లల సంఖ్యను దూరంతో గుణిస్తే రెండు పక్కలా 24, లెక్క ప్రకారం సరిపోవాలి కదా. ఏదో ఒక పక్కకు పడుతూనే ఉంది. లోపం ఎక్కడ? అసలు ఎక్కాలు సరిగ్గా రాని పిల్లలకు ఇది మొదలుపెట్టొచ్చా?

త్రాసు_ముల్లు

మేడం, మీ లెక్క సరైందే, అమరిక తప్పు. స్కేలు, బిళ్లలు, అన్నిటి బరువూ ఆధారానికి పైన ఉంది. అలాంటప్పుడు వెంట్రుకవాసి వంగినా ఆ వంపు పెరుగుతుందే తప్ప సర్దుకోదు. ఆధారం పైన ఉండి బరువు కింద వేలాడితే వంగింది దానంతటదే వెనక్కి వస్తుంది. కూరగాయల త్రాసును పైనుంచి పట్టుకునేది ఇందుకే. పెన్సిల్ మీద స్కేలు చాలా పుస్తకాల్లో బొమ్మగా కనిపిస్తుంది, బొమ్మలో బాగానే నిలుస్తుంది.

ఇంకో మూడు చిన్న లోపాలు ఉండొచ్చు. స్కేలుకు ఒక చివర తగిలించుకునే రంధ్రం ఉంటే అటు తేలిక, కాబట్టి సమతూకం సరిగ్గా 15 దగ్గర రాదు. బిళ్ల దూరాన్ని అంచు నుంచి కాదు, నడిమధ్య నుంచి కొలవాలి. అంచు లెక్కన పెడితే ఒక సెంటీమీటరుకు పైగా తేడా వస్తుంది. మూడోది, రూపాయి బిళ్లలన్నీ ఒక బరువు కాదు. పాత పెద్ద బిళ్ల 4.85 గ్రాములు, 2011లో వచ్చిన చిన్నది 3.79. రెండూ కలిపితే పిల్లల లెక్క ఎప్పటికీ కుదరదు.

స్కేలు వదిలేసి చెక్క బద్ద చేయించండి.

వడ్లపని_నర్సంపేట

బద్ద సంగతి నేను చెప్త మేడం. 64 సెంటీమీటర్ల పొడుగు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. సామిల్లుల టేకు తునకలు పడి ఉంటయి, అండ్లకెల్లి ఒకటి కోయించుకోండ్రి. ప్లైవుడ్ కూడా నడుస్తది గని వానకాలం అంచులు విచ్చుకుంటయి.

సరిగ్గ నడుమ గీత కొట్టుండ్రి. అక్కడికెల్లి రెండు దిక్కుల 3 సెంటీమీటర్లకొక గీత, దిక్కుకు పది. చివర్ల 2 సెంటీమీటర్లు మిగులుతది. అది ఉండాలె, లేకుంటే పదో గాటు కాడ చెక్క ఊడుతది. పైఅంచు మీద ఒక్కో గీతకు ఆక్సాబ్లేడుతోని 3 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టుండ్రి, 4 మిల్లీమీటర్ల వెడల్పు. నడుమ మాత్రం గాటు వద్దు. అక్కడ పైఅంచుకు 3 మిల్లీమీటర్ల కింద సన్న బొక్క కొట్టి, సన్న తీగె కొక్కెం వేసి కిటికీ ఊచకు తగిలియ్యాలె. 2 మిల్లీమీటర్ల కంటె పెద్ద బిట్టు వేస్తే పైన చెక్క పలుచనై తెగుతది. గాట్ల అడుగు, ఈ బొక్క ఒక్క వరుసల ఉండాలె. బొక్క బాగ కిందికి పోయిందంటే బరువులు పెట్టంగనే బద్ద తిరగబడ్తది, మీ స్కేలు లెక్కనే.

బరువులకు 12 ఎంఎం బోల్టు వాషర్లు 24 తీసుకోండ్రి, అన్నీ ఒక్క డబ్బలయే. ఒక్కోదానికి సన్న దారంతోని ఉంగరం కట్టి గాట్ల తగిలియ్యాలె. జెమ్ క్లిప్పులు కొక్కాలు చేయకుండ్రి, క్లిప్పు బరువు కూడా లెక్కల కలుస్తది. ముందుగాల ఒట్టి బద్ద వేలాడదీసి చూడుండ్రి. ఒక దిక్కు వంగితే ఆ చివర ఉప్పుకాగితంతోని రుద్దుండ్రి, లేకుంటే రెండో చివరకు ఇంత బంకమట్టి అంటియ్యుండ్రి. గాట్లకు నడుమ నుంచి 1, 2, 3 అని 10 దాక నెంబర్లు వేస్తే పని అయిపాయె.

ఎక్కాల_పలక

బద్ద బాగుంది. కానీ ఎక్కాలు నిలవని ఆ ఏడెనిమిది మందికి మొదటి వారమే దాన్ని చూపించకండి. ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, గుణిస్తే ఎంత అని ఒకేసారి మూడు ఆలోచించాలి. వాళ్లకు ముందు పద్ధతులు కావాలి.

ఎక్కాన్ని వరుసగా కాకుండా ఈ క్రమంలో చెప్పి చూడండి: 2, 5, 10. తర్వాత 4, అంటే 2 ఎక్కానికి రెట్టింపు. 8 అంటే దానికి మళ్లీ రెట్టింపు: 7, 14, 28, 56. ఆపైన 3, దాని రెట్టింపు 6. తర్వాత 9, అంటే పది రెట్లలోంచి ఒక రెట్టు తీసేయడం. 4×7, 7×4 ఒకటేనని పిల్లలకు తెలిస్తే ఏడో ఎక్కంలో కొత్తగా నేర్చుకోవాల్సింది 7×7 ఒక్కటే మిగులుతుంది. ఈ మాట చెప్తే ఏడో ఎక్కం భయం సగం పోతుంది.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, 9×7కు 70లోంచి 7 తీయాల్సింది 9 తీసి 61 అంటారు. తీసేది ఒక ఏడు అని కళ్లకు కనబడాలి. గళ్ల నోటుబుక్కులో 10 వరుసలు, వరుసకు 7 గళ్లు గీయించి, అడుగు వరుసను రంగుతో కొట్టేయించండి. 8 దగ్గర రెట్టింపు రెండుసార్లే చేసి ఆపేస్తారు, 7×8 అడిగితే 28 అంటారు. మధ్యాహ్న భోజనం గుడ్ల అట్టలు పారేయకండి. 5 వరుసలు, వరుసకు 6, మొత్తం 30. పావు తిప్పితే 6 వరుసలు, వరుసకు 5. తిప్పినా మొత్తం మారదని చూపించడానికి అంతకన్నా చవకైన సామగ్రి లేదు.

ఇక 24×13. నిలువు లెక్కకు ముందు పెట్టె పద్ధతి. ఒక పెట్టెను నాలుగు గదులు చేసి పైన 20, 4 అనీ, పక్కన 10, 3 అనీ రాయాలి. 200, 40, 60, 12. మొత్తం 312. గదులు లేకుండా చేయమంటే చాలామంది 20×10, 4×3 మాత్రమే చేసి 212 దగ్గర ఆగిపోతారు. పెట్టెలో ఖాళీ గది కనబడుతుంది కాబట్టి ఆ తప్పు దాక్కోదు. నిలువు లెక్కలో మీ పిల్లలు తడబడేది 72 కింద 240 రాయాల్సిన చోట 24 రాసి, 96 తేవడం దగ్గర అయి ఉంటుంది. సున్నా పెట్టమని గట్టిగా చెప్తే పెడతారు, మరుసటి రోజు మరిచిపోతారు. ఆ వరుస ఒకటితో కాదు, పదితో చేసిన గుణకారమని పెట్టెలోని 200, 40 గదులు చూపించి చెప్పండి. జవాబు చూడకముందే 24 పదులు 240, కాబట్టి అంతకన్నా ఎక్కువ రావాలని అనిపిస్తే 96 రాసిన పిల్లలు వాళ్లే ఆగుతారు.

బద్ద మీద దీన్నే ఇంకోలా చూపించొచ్చు. ఎడమ వైపు 8వ గాటులో 7 వాషర్లు, కుడి వైపు 5వ గాటులో 7, 3వ గాటులో 7. నిలుస్తుంది. 7×8 అంటే 7×5, 7×3 కలిపితే వచ్చేదే, 35కు 21 కలిపితే 56.

గిరక_బావి

యంత్రాల వైపు నుంచి రెండు మాటలు. ఆరు సరళ యంత్రాల పేర్లు బట్టీ పట్టించడం కన్నా ఒక్క సంగతి నాటుకుంటే మేలు: తక్కువ బలంతో పని జరిగితే ఎక్కువ దూరం కదపాల్సి వస్తుంది. ఇందులో గుణకారమే ఉంది.

ఐదడుగుల గడ్డపార సుమారు 150 సెంటీమీటర్లు. మొన నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర కింద ఆధారంగా రాయి పెడితే అవతల 135 మిగులుతుంది. మొన మీద 90 కిలోల భారం పడుతుంటే చేతి వైపు 10 కిలోల నొక్కు చాలు: 90×15, 10×135, రెండూ 1350. కానీ ఆ భారం 2 సెంటీమీటర్లు లేవాలంటే చెయ్యి 18 దిగాలి. ఇది పిల్లలతో నిజం గడ్డపారతో చేయించకండి, జారితే కాలి వేళ్లు పోతాయి. బల్ల మీద స్కేలు, డస్టర్ చాలు.

వాలుతలానికి వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు చెప్పండి. 40 కిలోల బస్తాను మీటరు ఎత్తుకు నేరుగా లేపడానికి 40 కిలోల బలం, 4 మీటర్ల పలక మీద నెడితే 10. ఇది రాపిడి లేనప్పటి లెక్క. నిజంగా గోనె సంచి చెక్క మీద రుద్దుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది, ఆ మాట దాచకండి.

బావి గిరక దగ్గర పెద్దవాళ్లూ పొరబడతారు. ఒక్క గిరకను దూలానికి బిగిస్తే బరువు తగ్గదు, లాగే దిక్కు మారుతుందంతే. పైకి లాగే బదులు కిందికి లాగుతాం, మన ఒంటి బరువు తోడవుతుంది, అందుకే సులువనిపిస్తుంది. బరువుతో పాటు పైకి కదిలే గిరక ఉంటేనే బలం సగమవుతుంది. అప్పుడు మీటరు లేపడానికి రెండు మీటర్ల తాడు లాగాలి. ఒక చివర కలిసి ఉండి, మధ్యలో వేళ్లతో నొక్కే రకం పట్టకారు కూడా చూపించండి. దాంట్లో పట్టుకున్న దానికన్నా మన వేళ్ల నొక్కే ఎక్కువ. యంత్రం అనగానే బలం తగ్గుతుందనుకునే పిల్లలకు అది మంచి చిక్కుముడి.

హసన్‌పర్తి_ఎస్జీటీ_మేడం

అందరికీ ధన్యవాదాలు. సామిల్లుకు మనిషిని పంపుతున్నాను. ఒక సందేహం: పిల్లలు గుణించకుండా కూడి చూస్తే? 4 వాషర్లు 6వ గాటులో ఉంటే 4కు 6 కలిపి పది అని, అవతల 5 వాషర్లు 5వ గాటులో పెడతారేమో.

త్రాసు_ముల్లు

తప్పకుండా పెడతారు. అందుకే ఆ జతతో మొదలుపెట్టకండి. 24కు 25, ఒక్కటే తేడా. బద్ద కాస్త వంగినా దాదాపు సరిపోయింది అనుకుని కూడికే నిజమని పిల్లలు స్థిరపడతారు. మొదట ఎడమ వైపు 8వ గాటులో 3 వాషర్లు పెట్టండి. కూడేవాళ్లు పదకొండు అని లెక్కేసి 6వ గాటులో 5 పెడతారు. 24 ఎక్కడ, 30 ఎక్కడ? బద్ద బాగా వంగుతుంది. అప్పుడు ఏమీ చెప్పకుండా ఒక వాషర్ తీయనివ్వండి. 4 మిగిలి బద్ద నిలుస్తుంది. ఆ తర్వాత 8 వాషర్లు ఇచ్చి గాటు వెతకమనండి, 3 దగ్గర దొరుకుతుంది. 24కు ఇంకా ఏ జతలున్నాయని అడిగితే 2, 12 అంటారు. బద్దకు 12వ గాటు లేదు, ఎంత దూరంలో ఉండాలో వాళ్లనే కొలిచి చెప్పమనండి: నడుమ నుంచి 36 సెంటీమీటర్లు.