జెండాపై కపిరాజు: ఊపు వృత్తానిదా, రాగానిదా? (లఘువు, తెరవెనుక, ప్రాసమైత్రి అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ)

లఘువు:
తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’లో రాయబారానికి వచ్చిన కృష్ణుడు సుయోధనుణ్ణి హెచ్చరించే పద్యం చాలామందికి నోటికొచ్చిందే. “జెండాపై కపిరాజు, ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే...” ఇది శార్దూలం అనే ఛందోవృత్తం. మ-స-జ-స-త-త-గ గణాలు (గురులఘువుల గుంపులు), పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతి (పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు). జెం-డా-పై అంటూ మూడు గురువులతో (దీర్ఘమో, సున్నా ఉన్నదో, వెనక ఒత్తక్షరం వచ్చేదో అయిన బరువైన అక్షరాలతో) ఎత్తుకోవడమే నగారా మీద మూడు దెబ్బలు వేసినట్టుంటుంది. యుద్ధం కోసమే పుట్టిన వృత్తమిది అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

తెరవెనుక:
నేను కాదంటాను. కాళహస్తీశ్వరుడికి ధూర్జటి మొరపెట్టుకున్నదీ శార్దూలంలోనేగా! “శ్రీవిద్యుత్కలితా” అన్నచోట శ్రీ-వి-ద్యు మూడూ గురువులే. అక్కడ నగారా వినపడదేం? ఈ పద్యానికి ఊపు తెచ్చింది రంగస్థల నటులు. హార్మోనియం అందుకుని రాగం తీస్తుంటే గణాలు ఎవరు లెక్కపెట్టారండీ?

లఘువు:
రాగం సంగతి పక్కన పెట్టండి. మామూలుగా చదివినా ఒళ్లు జలదరిస్తుంది కదా?

ప్రాసమైత్రి:
ఇద్దరూ మొదటి పాదం దగ్గరే ఆగిపోయారు. మూడో పాదం చివర చూడండి: “మూకం జెండుచున్నప్పు డొ”. నాలుగోది: “క్కండున్ నీ మొర నాలకింపడు”. ‘ఒక్కండున్’ అన్న మాట రెండు పాదాల మధ్య విరిగింది. ఆ ‘డొ’ విడిగా చూస్తే లఘువు, అంటే తేలికైన పొట్టి అక్షరం. 19వ అక్షరం గురువు కావాలి. కింది పాదం నుంచి ‘క్క’ వచ్చి తగిలితేనే అది గురువవుతోంది.

జెండా, దండం, గాండీవం అని ‘ండ’ ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం) నడుస్తోంది కాబట్టి నాలుగో పాదానికీ అది కావాలి, అందుకే విరిచారు అనొచ్చు. నిజమే. కానీ ఆ ప్రాసకి ఇంకో మాట దొరకదా? తిరుపతి వేంకట కవులకి మాటల కరువేం లేదు. మూడు పాదాల నిండా జెండా, గుర్రాలు, గాండీవం, అర్జునుడు. అంత హడావిడి దాటాక ‘ఒక్కడూ నీ మొర వినడు’ అని రావాలి, సరిగ్గా ఆ ‘ఒక్కడు’ దగ్గరే మాట విరిగింది. నాకు ఒళ్లు జలదరించేది అక్కడ. మూడు గురువుల దగ్గర కాదు.

తెరవెనుక:
ఆ విరుపు నేనెప్పుడూ గమనించలేదు, ఒప్పుకుంటా. అయితే నటుడు ‘డొ’ దగ్గర ఆగి రాగం లాగాడనుకోండి, మాట చచ్చిపోతుంది. ఆపకుండా కలిపి అందుకుంటేనే పేలుతుంది. అంటే మళ్లీ నా మాటకే వచ్చాం, పాడేవాడి చేతిలోనే ఉంది.

లఘువు:
రాలేదండీ. అక్కడ ఆగొద్దని పాడేవాడికి చెబుతున్నది ఆ ‘క్క’నే కదా!