చెరువు నీళ్ల పటం: రైతుకు, మత్స్య సంఘానికి, ఏఈకి ఒకటే సరిపోతుందా?

ఆయకట్టు_07:
మా మండలంలో (తెలంగాణ) 60 పైచిలుకు చెరువులున్నాయి. సెంటినెల్-2 (యూరప్ ఉపగ్రహం) చిత్రాల నుంచి నీటి విస్తీర్ణం తీసి వారానికో పటం పంపుదామని అనుకుంటున్నాం. అందుకోవాల్సింది ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘాలు, నీటిపారుదల ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు). అందరికీ ఒకే పటం చాలా? వానాకాలంలో మబ్బులకు ఏం చేయాలి? ఐదారెకరాల కుంటలకూ ఇది పనికొస్తుందా?

కట్టమీద:
చాలదు. పటం సంగతి పక్కన పెట్టి, ఎవరు ఏ తేదీకి ఏం తేల్చుకోవాలో ముందు రాసుకోండి.

యాసంగి నారు పోసే ముందు రైతుకు కావాల్సింది తూముకు పైన ఎన్ని నీళ్లున్నాయి, అవి ఎన్నెకరాలకు పారుతాయి అన్నది. వరికి 1,200 మి.మీ. లెక్కేసుకుంటే ఎకరానికి సుమారు 4,850 ఘనపు మీటర్లు. కాలువలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది దీనికి అదనం. తూము మట్టం కింది నీళ్లు రైతు లెక్కలో సున్నా. చేపలు బతికేది మాత్రం ఎండాకాలంలో ఆ నీళ్లలోనే. కాబట్టి ఒకే చెరువుకు, ఒకే రోజున రెండు వేరు అంకెలు పంపాలి.

ఏఈ అడిగేది మత్తడి దుంకుతోందా, కట్ట భద్రంగా ఉందా అని. ఐదు రోజులకోసారి వచ్చే ఉపగ్రహం గండి హెచ్చరిక ఇవ్వలేదు. ఆ మాట మొదటే రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే తర్వాత మాట పడతారు.

రాడార్_పిచ్చి:
మబ్బులకు సెంటినెల్-1 వాడండి, అది మబ్బుల్లోంచి చూసే రాడార్ ఉపగ్రహం. ఒక్కో ఉపగ్రహం అదే దారికి 12 రోజులకోసారి వస్తుంది. నిలకడ నీరు వీవీలో (నిలువుగా పంపి నిలువుగా అందుకునే రాడార్ తరంగాల చిత్రంలో) నల్లగా కనిపిస్తుంది, గాలికి అలలు లేస్తే తెల్లబడి నేలలా మోసం చేస్తుంది. ఒక్క చిత్రంలో విస్తీర్ణం హఠాత్తుగా తగ్గితే తర్వాతి చిత్రం వచ్చేదాకా పంపకండి.

సెంటినెల్-2లో బురద నీటికి ఎన్‌డీడబ్ల్యూఐ (నీటిని గుర్తించే సూచిక, మామూలుగా సున్నాకు పైనుంటే నీరని లెక్క) సున్నా కిందికి పోతుంది. ఎంఎన్‌డీడబ్ల్యూఐ (దాని సవరించిన రూపం) మేలు, కానీ అందులోని స్విర్ (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) బ్యాండు పిక్సెల్ 20 మీటర్లది. 2022 జనవరి 25 తర్వాతి చిత్రాల్లో విలువలకు 1000 కలిపి ఉంటుంది. దాన్ని తీసేయకుండా పాత చిత్రాలతో పోలిస్తే సూచిక విలువలు సున్నా వైపు కుదించుకుపోయి, పోలిక తప్పుతుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లోనైతే ఆ తేడా ముందే సరిచేసిన హార్మొనైజ్డ్ సేకరణ వాడండి.

ఐదెకరాల కుంట అంటే 10 మీటర్ల పిక్సెళ్లు దాదాపు 200. కుంట చతురస్రంగా ఉందనుకున్నా అందులో 55 దాకా గట్టు పిక్సెళ్లే, సగం నీరు సగం నేల. అలాంటి వాటికి నిండింది, సగం, ఎండింది అని మూడు మాటలే చెప్పండి. ఎకరాల్లో అంకె ఇస్తే అబద్ధమే. నాటు వేసిన మళ్లూ నీళ్లలాగే కనిపిస్తాయి గనక ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) హద్దు బయటిది కోసేయాలి.

ఆయకట్టు_07:
గుర్రపు డెక్క కమ్మిన చెరువులు చాలానే ఉన్నాయి. విస్తీర్ణం సగమైతే నీళ్లూ సగమేనా?

కట్టమీద:
కాదు. చెరువు అడుగు తాంబాళంలా ఉంటుంది. శంఖువు ఆకారం అనుకుంటే విస్తీర్ణం సగమయ్యేసరికి నీళ్లు 35 శాతమే మిగులుతాయి, గిన్నెలా ఉంటే పావు వంతే. మట్టం–నిల్వ పట్టిక ఏఈ దగ్గర అడగండి. మిషన్ కాకతీయలో (తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం) పూడిక తీసిన చెరువైతే అంతకుముందు పట్టిక చెల్లదు. తూము దగ్గర గేజీ (నీటి మట్టం కొలిచే అంకెల కర్ర) పాతి, వారానికోసారి ఫొటో తెప్పించుకుంటే రెండు సీజన్లలో మీ పట్టిక మీకే తయారవుతుంది.

రాడార్_పిచ్చి:
డెక్క విషయంలో రాడారూ గుడ్డిదే. శిఖంలో (నీళ్లు తగ్గాక తేలే చెరువు అడుగు నేలలో) వేసిన పంటతో దాన్ని కలపొద్దు: పంట ఒడ్డు నుంచి నీళ్ల వెనకాలే లోపలికి దిగుతుంది, కదలదు. డెక్క గాలివాటుకు ఓ మూలకు చేరి, వచ్చే వారం ఇంకో మూలన తేలుతుంది. పచ్చదనం అలా చోటు మారుతుంటే దాన్ని నీళ్లలోనే కలుపుకోండి. కదలడానికి సందు లేకుండా చెరువంతా కమ్మేస్తే ఉపగ్రహాన్ని నమ్మకండి, గేజీ ఫొటోనే పంపండి.