ఉద్భిజ్జమా, ఉద్భిజమా?

అరసున్న: తాతగారు వల్లె వేయించిన అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) ముక్క పొద్దుట్నుంచి నోట్లో ఆడుతోంది. "నృగవాద్యా జరాయుజాః" బాగానే ఉంది, మనుషులూ ఆవులూ లాంటివి మావితో పుట్టే జరాయుజాలు. చెమటలో పుట్టే స్వేదజాలు, పక్షులూ పాములూ అండజాలు, అక్కడిదాకా సరే. చెట్లూ మొక్కలకు పేరు చెప్పే చివరి పాదం మాత్రం "ఉద్భిదుద్భిజ..." అని ఒంటి జకారంతో చెప్పించినట్టే గుర్తు. అచ్చులో "ఉద్భిదుద్భిజ్జముద్భిదమ్" అని ఉంది. తప్పు తాతగారిదా, నా చెవిదా?

శకటరేఫ: చెవిదే. ఉద్భిద్ + జ. సత్ + జన సజ్జన అయినట్టే ఇదీ. ఒక జ ఊడితే భిద్ ధాతువే గల్లంతు.

నకారపొల్లు: గురులఘువులు చూశారా అండీ? తేడా వచ్చేది నాలుగో అక్షరం "భి" దగ్గర. జ్జ ముందు గురువు, జ ముందు లఘువు. శ్లోకానికి ఐదోది లఘువు, ఆరోది గురువు కావాలి గానీ నాలుగో దానితో పేచీ లేదు. తాతగారిని అప్పుడే బోనెక్కించకండి.

శకటరేఫ: ఛందస్సు ఊరుకుంటే వ్యాకరణం ఊరుకుంటుందా? ఛాందోగ్య ఉపనిషత్తులో ప్రాణుల బీజాలు మూడే: అండజం, జీవజం, ఉద్భిజ్జం. అక్కడా జ్జ.

నకారపొల్లు: ఐతరేయ ఉపనిషత్తులో నాలుగు. పైగా అక్కడ జరాయుజాలకు "జారుజాని" అని ఉంది. జరాయువు అంతగా నలిగిపోతే రాని గొడవ ఒక్క జకారానికొచ్చిందా!

గసడదవ: జీవశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఎన్ని జకారాలన్నది నాకు పట్టదు. భిద్ అంటే చీల్చడం, సరే, దేన్ని? నేలనా, గింజనా? నేలనైతే పుట్టగొడుగూ ఉద్భిజ్జమే. దానికి గింజా లేదు, పచ్చదనమూ లేదు. జీవుల వర్గీకరణ చేసిన లిన్నేయస్ 1735లో ప్రాణులకు జంతువులు, మొక్కలు అని రెండే రాజ్యాలిచ్చాడు, పుట్టగొడుగు మొక్కల వాటాలో పడింది. విటేకర్ 1969లో ఐదు రాజ్యాలు చేశాక గానీ శిలీంధ్రాలకు, అంటే పుట్టగొడుగుల జాతికి, సొంత ఇల్లు కుదరలేదు. జన్యువులు చూస్తే అవి చెట్టుకన్నా మనకే దగ్గర చుట్టాలు.

శకటరేఫ: మేఘసందేశంలో కాళిదాసు మేఘుడు ఉరిమితే భూమి "ఉచ్ఛిలీంధ్రా" అవుతుంది, పుట్టగొడుగులు పైకి లేస్తాయి. ఆ ఉత్, ఈ ఉత్ ఒకటే. కాబట్టి చీలేది నేలే. ఇక చర్చ లేదు.

నకారపొల్లు: మేఘం పేరెత్తారు, ఇక జాషువా రాకుండా ఎలా ఉంటాడు? "గబ్బిలం" కావ్యంలో మేఘాన్ని కాదని గబ్బిలాన్ని దూతగా పంపినవాడాయన. "మౌని ఖగరాజ్ఞి! పూజారి లేనివేళ"... ఆ పాదం చదివిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది నాకు.

గసడదవ: ఖగరాజ్ఞి! గబ్బిలం పిల్లల్ని కని పాలు ఇస్తుందండీ, పక్షుల రాణి ఎలా అవుతుంది?

నకారపొల్లు: ఖ అంటే ఆకాశం, అందులో పోయేది ఖగం. జాషువా దాన్ని అండజం అనలేదు కదా! ఎగరడాన్ని బట్టి ఒక పేరు, పుట్టుకను బట్టి ఇంకోటి. అమరం కూడా దాన్ని "అజినపత్ర" అంది, తోలు రెక్కలది.

గసడదవ: ఆ మాట నిజం. సాగిన వేళ్ల మధ్య పరుచుకున్న చర్మమే దాని రెక్క. బొటనవేలు ఒక్కటీ విడిగా గోరుతో పైకి పొడుచుకొస్తుంది. ఇంకో సంగతి: 1758 కూర్పులో లిన్నేయస్ గబ్బిలాన్ని మనిషితో, కోతులతో కలిపి ఒకే క్రమంలో (ఆర్డర్) పెట్టాడు. తర్వాతివాళ్లు విడదీశారనుకోండి.

నకారపొల్లు: ఊరివాళ్లు దగ్గరికి రానివ్వని మనిషి చెప్పుకున్నది ఆ గబ్బిలానికే. లిన్నేయస్ దాన్ని తెచ్చి మనిషి పంక్తిలోనే కూర్చోబెట్టాడన్నమాట. ఇవాళ్టికి ఇంకేం చదవను.

అరసున్న: గబ్బిలం సరే. మా తాతగారి జకారం సంగతి?

శకటరేఫ: ఉండండి. అమరంలో ఆ అజినపత్ర పక్కనే "తైలపాయికా" ఉంది. అది గబ్బిలమా, బొద్దింకా?