మన ఎండలకి 0డబ్ల్యూ-20 ఇంజన్ ఆయిల్ ఆగుతుందా? మేస్త్రి ఒకటంటాడు, మాన్యువల్ ఒకటంటుంది

పేట వాసి:
మాది 2019 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, 62 వేలు తిరిగింది. వారంటీ అయిపోయింది కదా అని ఈసారి నరసరావుపేటలోనే మా వీధి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళా. మాన్యువల్లో 0డబ్ల్యూ-20 అని ఉంది. ఆయన డబ్బా మూత తీసి, ఒక చుక్క రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది ఆయిలా, నీళ్ళా సార్? రెంటచింతల ఎండకి ఇంజన్ పట్టేసుద్ది. 20డబ్ల్యూ-50 పోయించుకోండి" అన్నాడు. మా నాన్నగారిదీ అదే మాట. వచ్చే నెల పిల్లలతో తిరుమల వెళ్ళాలి. టెన్షన్‌గా ఉంది. ఏది పోయించను?

థర్మోస్టాట్:
మేస్త్రి వేళ్ళ మధ్య ఉన్న ఆయిల్ 35 డిగ్రీల దగ్గరుందండీ. ఇంజన్ వేడెక్కాక అదే ఆయిల్ 90, 100 దాటుతుంది. బయట 44 ఉన్నా 20 ఉన్నా ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ వేడిని థర్మోస్టాట్ అనే వాల్వు దాదాపు ఒకే చోట పట్టి ఉంచుతుంది. కాబట్టి ఎండ చూసి గ్రేడ్ మార్చడం పాతకాలం లెక్క.
రెండో అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచే చిక్కదనం. 20 అంటే 6.9 నుంచి 9.3 లోపు సెంటీస్టోక్స్, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంత చిక్కటిది పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైన వాల్వుల దాకా చేరడానికి టైమ్ తీసుకుంటుంది, అరుగుదల ఎక్కువగా జరిగేదే అప్పుడు. పైగా వాల్వ్ టైమింగ్ మార్చే యూనిట్ ఉన్న ఇంజన్లలో దాన్ని నడిపేది ఆ ఆయిల్ ప్రెషరే, దారులేమో సన్నవి. 20డబ్ల్యూ-50 అంబాసిడర్‌కి పోసుకోమనండి.

ఘాట్ రోడ్డు:
50 వద్దు, ఒప్పుకుంటా. కానీ మాన్యువల్‌ని వేదంలా చదవొద్దు. ఐదుగురు, సామాన్లు, ఏసీ, రెండో గేర్లో ఘాట్ ఎక్కేటప్పుడు కూలెంట్ ముల్లు కదలదు, ఆయిల్ వేడి మాత్రం పెరుగుతూనే పోతుంది. దాన్ని పట్టి ఉంచే థర్మోస్టాట్ లేదుగా!
కంపెనీలకి 20 మీద ఇంత ప్రేమ ఎందుకో కూడా చెప్పుకోవాలి. 2017 నుంచి మన దేశంలో ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు ఇంధన వాడకానికి హద్దు పెట్టారు, 2022లో ఇంకా బిగించారు. పల్చటి ఆయిల్‌తో ప్రతి బండిలో కాస్త మైలేజీ కలిసొస్తుంది. 150 డిగ్రీల దగ్గర గట్టి రాపిడిలో చిక్కదనం చూసే పరీక్షలో (దీని కొలత వేరు) 20కి కనీసం 2.6 ఉంటే చాలు, 30కి 2.9 ఉండాలి. బేరింగుల మధ్య పొర నిలబడేది ఆ తేడా మీదే. నేనైతే 5డబ్ల్యూ-30 అంటా.

ఎడ్మంటన్ నుంచి:
చిన్న సవరణ. "జీరో కాబట్టి నీళ్ళు" అనుకోకండి. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్నది చలి అంకె, అది ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. ఇక్కడ కెనడాలో మైనస్ 30లో బండి తిరగాలంటే అదే దిక్కు. 0డబ్ల్యూ-40 కూడా దొరుకుతుంది, వేడెక్కాక అది మీ 15డబ్ల్యూ-40 అంత చిక్కగానే ఉంటుంది.

ట్యాక్సీ బాబాయ్:
20యా 30యా అని కొట్టుకుంటున్నారు గానీ, గేజ్ పుల్ల తీసి చూసిందెవరు? నా బండి 2 లక్షలు దాటింది. ఒకసారి ఒక షాపులో డ్రమ్ములోంచి మగ్గుతో లూజ్ ఆయిల్ పోశారు. మూడు వేల కిలోమీటర్లకే పుల్ల కొస మాత్రమే తడిసింది. ఆయిల్ లైట్ వెలగలేదు, ఎందుకంటే అది ప్రెషర్ లైటు, లెవెల్ లైటు కాదు. అప్పట్నుంచి సీల్ డబ్బా నా ఎదురుగానే తెరవాలి. డబ్బా వెనక ఏపీఐ ఎస్‌పీ అనే పెట్రోల్ ఇంజన్ ఆయిల్ నాణ్యత గుర్తు ఉందో లేదో చూడు తమ్ముడూ, 2020లో వచ్చిన రకం. డీజిల్ బండి వాళ్ళు మాత్రం ఈ చర్చ చూసి కొనొద్దు. బీఎస్6 డీజిల్లో పొగ ఫిల్టర్ ఉంటుంది, దానికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి.

థర్మోస్టాట్:
@ఘాట్ రోడ్డు, తిరుమల ఘాట్ ముప్పావు గంట. ఆ ముప్పావు గంట కోసం ఏడాది పొడవునా మైలేజీ వదులుకోవాలా? 2.6 సరిపోతుందనే బేరింగులు డిజైన్ చేశారు. పేట వాసి గారూ, మాన్యువల్లో గ్రేడ్ కింద ఉన్న చిన్నక్షరాలు కూడా చదవండి.

పేట వాసి:
చదివా. "దొరకనిచో 5డబ్ల్యూ-30 వాడవచ్చు" అని ఉంది! సీల్ డబ్బా 5డబ్ల్యూ-30, ఎస్‌పీ తీసుకెళ్ళా. మేస్త్రి ముఖం మాడ్చుకునే పోశాడు. మూడున్నర లీటర్లూ వంపేస్తుంటే ఆపి, పుల్ల తుడిచి చూస్తే పై గీతకి కాస్త కింద ఆగింది. మిగిలింది డిక్కీలో పెట్టా. నాన్నగారు ఇంకా మాట్లాడట్లేదు.

థర్మోస్టాట్:
"దొరకనిచో" అంటే దొరకనప్పుడు సార్. మీకు దొరికిందిగా!