సైన్యానికి సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలా?

తిరుమలగిరి_పాతకాపు

సూటిగా అడుగుతున్నా. రక్షణ శాఖ సాఫ్ట్‌వేర్‌కి టెండర్ పిలిచేటప్పుడే "సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాం), దాన్ని బిల్డ్ చేసే పద్ధతి (అంటే కంపైల్ చేసి యంత్రం నడిపే ఫైల్‌గా మార్చడం), టెస్టింగ్ రికార్డులు అన్నీ అప్పగించాలి, కుదరదంటే రేటు ఎంత తక్కువైనా మీ బిడ్ తెరవం" అని రాయాలా, అక్కర్లేదా? నేనైతే రాయాల్సిందే అంటాను.

బ్రిటన్ చినూక్ హెలికాప్టర్ల సంగతి చూడండి. 1995లో ప్రత్యేక దళాల కోసం ఎనిమిది చినూక్ మార్క్ 3లు బోయింగ్‌కి ఆర్డర్ ఇచ్చారు, ఖరీదు దాదాపు 25.9 కోట్ల పౌండ్లు. 2001లో చేతికొచ్చాయి. కానీ మబ్బుల్లేని రోజున, 500 అడుగుల పైన తప్ప ఎగరకూడదన్నారు. ఎందుకంటే ఖర్చు తగ్గుతుందని కాక్‌పిట్‌లో పాత అనలాగ్ పరికరాలనీ కొత్త డిజిటల్ వాటినీ కలిపేశారు, ఆ సాఫ్ట్‌వేర్ నమ్మదగినదని వాళ్ల నిబంధనల ప్రకారం తేల్చాలంటే కోడూ దాని డాక్యుమెంట్లూ చూడాలి, అవి ఇవ్వాలని ఒప్పందంలో ఎవరూ రాసుకోలేదు. కంపెనీని తప్పు పట్టడానికీ లేదు, ఒప్పందంలో ఉన్నదంతా ఇచ్చేసిందని అక్కడి జాతీయ ఆడిట్ ఆఫీసే చెప్పింది. ఒకపక్క అఫ్గానిస్తాన్‌లో హెలికాప్టర్లు చాలక సైనికులు అవస్థ పడుతుంటే ఇవి ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్నాయి. చివరికి ఆ కాక్‌పిట్ పీకేసి పాత మోడల్‌కి మార్చుకుని వాడారు. మనం ఆ క్లాజు రాసుకుంటున్నామా అన్నదే నా ప్రశ్న.

మాదాపూర్_కోడ్_కూలీ

అన్నా, బోయింగ్‌ని చూపించి మా మీద రూల్ పెడతానంటే ఎలా? మాది చిన్న కంపెనీ. ఫ్యాక్టరీ లేదు, భూమి లేదు, ఉన్న ఆస్తల్లా ఆ కోడే. దాన్ని బిడ్ వేసే రోజే ఇచ్చేయమంటే మేం టెండర్‌కే రాం, మిగిలేది ప్రభుత్వ సంస్థలూ నాలుగు పెద్ద కంపెనీలూ.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. ఒకసారి ఒక ఆఫీసులో డెమో ఇచ్చాం (పేరొద్దు), అర్థం కావాలని ఆల్గరిథం మీద వివరంగా నోట్ రాసిచ్చాం. తర్వాత వచ్చిన టెండర్ స్పెసిఫికేషన్‌లో మా నోట్‌లోని వాక్యాలే ఉన్నాయి, అది దక్కింది ఇంకొకరికి. మేం ఎవరికి చెప్పుకోవాలి?

ఇంకోటి, ట్రయల్స్. "నో కాస్ట్ నో కమిట్‌మెంట్" అంటే బయటివాళ్లకి తెలీకపోవచ్చు. సామాను మోసుకుని ఎడారికో కొండల మీదికో మా ఖర్చుతో మేమే వెళ్లాలి, పాసైనా కొంటారని హామీ లేదు. 2018లో ఐడెక్స్ (చిన్న కంపెనీలకి రక్షణ శాఖ సాయం చేసే పథకం) వచ్చాక మొదట కోటిన్నర దాకా గ్రాంట్ ఇచ్చారు, మంచిదే, కాదనను. కానీ తయారుచేయడానికి డబ్బిచ్చినంత మాత్రాన ఆర్డర్ వస్తుందని కాదుగా. ఇన్ని భరిస్తున్నవాడిని ఇప్పుడు కోడ్ కూడా పెట్టమంటున్నారు.

లెక్కల_పంతులు

కొనుగోళ్ల ఫైళ్లు చూసిన అనుభవంతో చెప్తున్నా, మీ ఇద్దరూ ఎల్1ని (అందరికంటే తక్కువ రేటు వేసినవాడిని) వదిలేసి మాట్లాడుతున్నారు. మన పద్ధతిలో టెక్నికల్ కమిటీ పాస్ చేసిన వాళ్లంతా సమానం, ఆ తర్వాత తక్కువ రేటు వేసినవాడిదే కాంట్రాక్ట్. రక్షణ కొనుగోళ్ల విధానం 2020లో అడిగినదానికంటే మెరుగ్గా ఇచ్చేవాడికి కొంత వెసులుబాటు ఉంది, అదీ మొత్తం కలిపి 10 శాతం లోపే. మామూలు ప్రభుత్వ కొనుగోళ్లలో 2021 అక్టోబర్‌లో ఆర్థిక శాఖ నాణ్యతకి కూడా మార్కులు వేయొచ్చంది, కానీ కన్సల్టెన్సీ కాని పనుల్లో ఆ మార్కులు 30 శాతం దాటకూడదంది.

ఇక లెక్క చూడండి. ఒకడు కోడ్ ఇస్తానంటాడు, దానికి తగ్గట్టు రేటు పెంచుతాడు. రెండోవాడు ఇవ్వనంటాడు, రేటు తగ్గిస్తాడు. "ఇస్తే మంచిది" అని రాస్తే రెండోవాడే గెలుస్తాడు, ప్రతిసారీ. తర్వాత పదిహేనేళ్లు ప్రతి చిన్న మార్పుకీ వాడు అడిగినంత ఇచ్చుకోవాలి, ఎందుకంటే ఆ కోడ్ ముట్టుకోగలిగేది వాడొక్కడే. లైసెన్స్ రెన్యువల్, వార్షిక మెయింటెనెన్స్, కొత్త రేడియోతో కలపడం, ఇవన్నీ కలిపి మొదటిరోజే రేటులో లెక్కగట్టకపోతే ఎల్1 అన్న మాటకే అర్థం లేదు. అందుకే కూలీ గారూ, పెడితే అందరికీ తప్పనిసరి చేయాలి, సగం సగం రూల్ అయితే నష్టపోయేది మీలాంటి నిజాయితీగా రేటు వేసేవాళ్లే.

డాల్ఫిన్‌నోస్

విశాఖ నుంచి. ఇక్కడి తూర్పు నౌకాదళ కార్యాలయం కంప్యూటర్లలో ఏదో బగ్ దూరి చైనా ఐపీ అడ్రస్‌లకి డేటా పంపిందని 2012లో పేపర్లలో వచ్చింది గుర్తుందా? నెట్‌కి కలపని కంప్యూటర్ల నుంచి కూడా పెన్‌డ్రైవ్‌ల ద్వారా పోయిందన్నారు. మరి అక్కడ సోర్స్ కోడ్ ఉండి ఏం చేసేది?

2020 డిసెంబర్‌లో బయటపడ్డ సోలార్‌విండ్స్ గొడవ ఇంకా నేరుగా మీ చర్చకి తగులుతుంది. అమెరికా ప్రభుత్వ శాఖలు వాడే సాఫ్ట్‌వేర్ అది. దొంగలు కంపెనీ బిల్డ్ యంత్రంలోకే దూరి, కంపైల్ అయ్యే క్షణంలో తమ ముక్క కలిపారు, కంపెనీ డిజిటల్ సంతకంతో సహా దాదాపు 18,000 మంది కస్టమర్లకి ఆ అప్‌డేట్ వెళ్లింది. కంపెనీ కోడ్ దాచుకునే రిపాజిటరీలో ఎంత చదివినా శుభ్రంగానే కనిపించేది. కాబట్టి కోడ్ ఇచ్చాడు కదా అని ధీమాగా కూర్చుంటే కుదరదు. ఆ కోడ్‌ని మన యంత్రంలో మనమే బిల్డ్ చేసి, వాడిచ్చిన ఫైల్‌తో సరిపోలుతుందో లేదో చూడాలి. అందులో వాడిన బయటి లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్ ముక్కలు) ఏవి, ఎక్కడివి, ఆ జాబితా కావాలి. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లో ఆ జాబితాల మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

2025 ఫిబ్రవరిలో చైనా భాగాలున్నాయని 400 లాజిస్టిక్స్ డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేశారు, విలువ 230 కోట్ల పైచిలుకు. సంతకాలయ్యాక రద్దు! సరఫరాదారుడిని ఎంచుకునేటప్పుడే డబ్బా విప్పి చూసి ఉంటే సరిపోయేది.

డల్లాస్_బాబాయ్

అందరూ "మనదై ఉండాలి, మన చేతిలో ఉండాలి" అంటున్నారు, దానికి రెండో వైపు కూడా ఉంది. అమెరికా సైన్యం ఇంటెలిజెన్స్ డేటా విశ్లేషణకి డీసీజీఎస్-ఏ అని తన సొంత సిస్టమ్ కట్టించుకుంది. అది వాడలేకపోతున్నాం, మార్కెట్లో దొరికే పాలంటిర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇప్పించండి అని యుద్ధరంగంలోని యూనిట్లే అడిగాయి. సైన్యం వినలేదు, తర్వాతి దశకి కూడా మళ్లీ కొత్తగా కట్టించుకోవడానికే టెండర్ పిలిచింది. 2016లో పాలంటిర్ కోర్టుకెక్కింది. బజార్లో రెడీగా దొరుకుతుందేమో ముందు చూడాలని 1994 చట్టం చెప్తోంది, అది చేయకుండా టెండర్ ఎలా పిలిచారు అని కోర్టు సైన్యాన్నే తప్పుపట్టింది. అప్పీల్‌లోనూ అదే తీర్పు.

ఆ తర్వాత చేసింది నాకు నచ్చింది. 2018లో రేథియాన్ కంపెనీకీ పాలంటిర్‌కీ ఇద్దరికీ అవకాశమిచ్చి, సైనికుల చేత వాడించి చూసి, 2019లో పాలంటిర్‌ని తీసుకున్నారు. కాగితాల మీద మార్కులు వేయడం కంటే వాడేవాడి చేతికిచ్చి చూడటం నయం. ఇప్పుడు ఆ ఒక్క కంపెనీ మీదే ఎక్కువ ఆధారపడుతున్నారనే గొణుగుడు ఇక్కడ వినిపిస్తూనే ఉంది, అది దాచను.

తిరుమలగిరి_పాతకాపు

బాబాయ్, వాడి చూడటానికి నేను అడ్డు చెప్పలేదు. కానీ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే పాత పద్ధతిలో మ్యాప్ పరుచుకుని పని చేయొచ్చు, గాల్లో ఉన్న హెలికాప్టర్‌లో ఆగిపోతే? అన్నిటికీ ఒకే రూల్ అని నేనూ అనను. జీతాల సాఫ్ట్‌వేర్, స్టోర్స్ లెక్కలు, వీటికి బజారు సరుకు చాలు. ఆయుధం పేల్చేది, ఎన్‌క్రిప్షన్, రాడార్, విమానం నడిపేది, వీటికి మాత్రం కోడ్ లేకుండా బిడ్ తెరవకూడదు. మిత్రదేశం కదా అని కూడా వదలకూడదు. 2006లో అమెరికా ఎఫ్-35 యుద్ధవిమానం టెక్నాలజీ ఇవ్వకపోతే కొనం అని బ్రిటన్ మంత్రి వాషింగ్టన్ వెళ్లి మరీ చెప్పాల్సి వచ్చింది, అంత దగ్గరి స్నేహితులై ఉండి!

మాదాపూర్_కోడ్_కూలీ

సరే, ఆయుధాల వరకు ఒప్పుకుంటా, కానీ నా షరతులు వినండి. బిడ్ రోజున కాదు, కాంట్రాక్ట్ సంతకమయ్యాక. కొనే ఆఫీసు అల్మారాలో కాదు, మూడో సంస్థ దగ్గర ఎస్క్రోలో. మేం మూతపడినా, మెయింటెనెన్స్ ఆపేసినా, యుద్ధమొచ్చినా అప్పుడు తెరవండి. డాల్ఫిన్ అన్న చెప్పిన బిల్డ్ సరిపోల్చే పని ఏటా చేయండి, మా ఇంజనీర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని. ఆ ఖర్చు మా రేటులో కలపకుండా ఆర్‌ఎఫ్‌పీలోనే (బిడ్లు పిలిచే పత్రంలోనే) విడిగా చూపించండి, లేకపోతే పంతులు గారు చెప్పిన ఎల్1 లెక్కలో మళ్లీ మేమే మునుగుతాం.

ఒక ప్రశ్న. ఆకాశ్‌తీర్ (సైన్యం గగనతల రక్షణ కంట్రోల్ సిస్టమ్) లాంటివి, 2023 మార్చిలో 1,982 కోట్లకి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్‌కి ఇచ్చిన కాంట్రాక్ట్, వాటికి కూడా ఈ క్లాజు పెడతారా? లేక ప్రభుత్వ సంస్థ కాబట్టి అడగరా?

లెక్కల_పంతులు

పెట్టడానికి అడ్డేం లేదు. ఒక్క సంస్థతోనే మాట్లాడినా ధర బేరమాడే కమిటీ ఉంటుంది, ఎస్క్రో మాట అక్కడ ఎత్తొచ్చు. అయితే ఏటా బిల్డ్ సరిపోల్చడానికి మనుషులెక్కడ? ఏదైనా డీఆర్‌డీవో ల్యాబ్‌కి ఇస్తే వాళ్ల పనికి వాళ్లే చాలరు, బయటి టెస్టింగ్ ఏజెన్సీకి ఇస్తే రహస్య అనుమతులకే నెలలు పడతాయి. ఎవరికి అప్పగించాలో మీలో ఎవరైనా చెప్పండి, ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో నేను చూస్తా.